ప్యూమిస్ రాయి: మడమల దగ్గర నుంచి మొక్కల కుండీ దాకా

సింహాచలం గిరి ప్రదక్షిణ చేసిన మర్నాడు నేను చేసిన తప్పుతోనే ఇది మొదలుపెట్టాలి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, మాధవధార మీదుగా 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచాను. ఇల్లు చేరేసరికి మడమలు తారు పూసిన చెక్కల్లా ఉన్నాయి. స్నానాల గది మూలన పడి ఉన్న బూడిదరంగు రాయి తీసుకుని, నీళ్లయినా తగలనివ్వకుండా, నలుపు పోయేదాకా పట్టుదలగా రుద్దాను. నలుపు పోయింది. దానితోపాటు కుడి మడమ మీద రూపాయి బిళ్లంత మేర చర్మమూ పోయింది. నాలుగు రోజులు మునివేళ్ల మీద ఇల్లంతా తిరిగాను.

"కాళ్లు రుద్దుకోవడం కూడా ఒకరు నేర్పాలా అమ్మా?" అని మా అత్తగారు నవ్వారు. ఆవిడ తరం వాళ్లకు నేర్పనవసరం లేదు. పెరట్లో బట్టలు ఉతికే బండ మీద, కాళ్లు నానిన తరువాతే, రెండు నిమిషాలు మడమలు రాసుకుని లేచిపోయేవారు. బండ పోయి గదిలోకి రాయి వచ్చింది కానీ, దానితోపాటు రావలసిన పద్ధతి రాలేదు. ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

రాయి పుట్టుక తెలిస్తే సగం పని తెలిసినట్టే

అగ్నిపర్వతం అడుగున కరిగి ఉన్న శిలాద్రవంలో నీటి ఆవిరి, ఇతర వాయువులు ఒత్తిడికి లొంగి కలిసిపోయి ఉంటాయి. పేలుడుతో ఆ ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే, బాగా కుదిపిన సోడా సీసా మూత తీసినట్టు ద్రవమంతా నురుగై పొంగుతుంది. సిలికా ఎక్కువగా ఉండి జిగటగా ఉన్న ద్రవమైతే, బుడగలు తప్పించుకుపోయే లోపే ఆ నురుగు చల్లబడి గడ్డకడుతుంది. అదే ప్యూమిస్. స్ఫటికాలు ఏర్పడడానికి వ్యవధి దొరకదు కాబట్టి అది నిజానికి గాజు. కొన్ని ముక్కల్లో నూటికి 90 వంతుల దాకా ఖాళీయే ఉంటుంది. నీళ్లలో వేస్తే తేలడానికి కారణం ఇదే.

తేలడమంటే ఏదో బకెట్లో తేలడం కాదు. 1883లో క్రాకటోవా పేలినప్పుడు పుట్టిన రాళ్లు తెప్పలుగా కట్టుకుని హిందూ మహాసముద్రమంతా దాటి ఆఫ్రికా తీరం చేరాయి. 2021లో జపాన్ దగ్గర సముద్రంలోని ఒక అగ్నిపర్వతం పేలితే, ఆ రాళ్లు కొన్ని వారాలకు ఒకినావా రేవుల్లోకి కొట్టుకొచ్చి చేపల పడవలను కదలనివ్వలేదు. మన విశాఖ చేపలరేవులో నీళ్ల మీద కంకర పరిచినట్టు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

విశాఖలో మాత్రం ఈ రాయి పుట్టదు. కైలాసగిరి, యారాడ కొండ, డాల్ఫిన్ నోస్ వంటివి ప్రధానంగా ఖొండలైటు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపం మారిన శిల అది, అగ్నిపర్వతపు నురుగు కాదు. తెలుగు నేల మీద అగ్నిపర్వతపు గాజు చూడాలంటే బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం వెళ్లాలి. సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రాలోని తోబా పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద అక్కడ పొరగా మిగిలి ఉంది. అది ఈ రాయికి పొడి రూపంలోని చుట్టం అనుకోవచ్చు. కానీ దానితో మడమలు రుద్దుకోలేం.

ఇక పనికి సంబంధించిన సంగతి. ఒక్కొక్క బుడగకూ పలచటి గాజు గోడ ఉంటుంది. రుద్దినప్పుడు ఆ గోడ విరిగి, కింద కొత్త అంచు బయటపడుతుంది. అంటే ఈ రాయి అరుగుతూ తనను తానే సానపట్టుకుంటుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కించే మోస్ కొలతలో దీని కాఠిన్యం 5.5 నుంచి 6 దాకా ఉంటుంది, మన గోరు 2.5 దగ్గర ఆగిపోతుంది. అంత తేడా ఉన్నప్పుడు మనం బలం వాడవలసిన అవసరమే లేదు. నొక్కి రుద్దితే రాయి త్వరగా అరుగుతుంది, చర్మం చిట్లుతుంది, అంతే. మెత్తబరచడం, రాలిన పొడిని తీసుకుపోవడం, రాపిడిలో పుట్టే వేడిని తగ్గించడం, ఈ మూడూ నీళ్ల వంతు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద రాసిన పనులన్నీ దాదాపు ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

కొనేటప్పుడు

పూర్ణా మార్కెట్ సందుల్లో పూజాసామాను, దువ్వెనలు, పీచులు అమ్మే చిన్న దుకాణాల్లో ఈ రాయి దొరుకుతుంది. "కాళ్లు రుద్దుకునే రాయి ఇవ్వండి" అంటే చాలు. అయితే ఆ పేరుతో చేతికిచ్చేవి కనీసం నాలుగు రకాలు.

అసలు ప్యూమిస్ తెల్లగానో లేత బూడిదరంగులోనో ఉంటుంది. రంధ్రాలు ఒకే కొలతలో ఉండవు. కొన్ని గుండ్రంగా, కొన్ని దారంలా సాగి ఉంటాయి. పట్టుకుంటే కనిపించినంత బరువు ఉండదు, వేలికి సన్నని పొడి అంటుతుంది.

రెండోది నురుగు గాజు. పాత గాజును పొడిచేసి కొలిమిలో పొంగిస్తారు. ముదురు బూడిదరంగు, రంధ్రాలన్నీ ఒకే తీరు. గట్టిగా గీకితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అదేనని దాదాపు ఖాయం. పొంగించినప్పుడు బుడగల్లో చిక్కుకున్న గంధకపు వాయువు అది. గిన్నెలు తోమడానికి మంచిదే కానీ పాదాలకు మోటు.

మూడోది గులాబీ, నీలం రంగుల్లో మెరిసే ప్లాస్టిక్ నురుగు బిళ్ల. గోరుతో నొక్కితే దిగబడుతుంది. రాయి కాకపోయినా పలచని చర్మానికి సరిపోతుంది. నెల తిరిగేసరికి నున్నబడుతుంది.

నాలుగోది గీతలు పెట్టి కాల్చిన మట్టి బిళ్ల. నీళ్లలో మునుగుతుంది. మరీ మందంగా లేని మడమలకు నేను దీన్నే మెచ్చుకుంటాను. ఇది పొడి రాలదు, నాలుగేళ్లయినా అలాగే ఉంటుంది.

తేలితే అసలుది, మునిగితే నకిలీ అనే పరీక్షను పూర్తిగా నమ్మకండి. ప్లాస్టిక్కూ తేలుతుంది. అసలు రాయి రాత్రంతా నానితే నీళ్లు పీల్చుకుని మునగవచ్చు కూడా. రంధ్రాల తీరు, పొడి, వాసన, ఈ మూడూ కలిపి చూడండి.

ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కాబట్టి ఇంకో మాట. గాజువాక వైపు రోడ్ల పక్కన, నింపుడు మట్టిలో బుడగలు బుడగలుగా ఉండే నల్లటి ముక్కలు కనబడతాయి. అది ఇనుము కరిగించినప్పుడు మిగిలే కొలిమి చిట్టెం. చూడడానికి ప్యూమిస్ లాగే ఉన్నా అంచులు కత్తిలా ఉంటాయి, సున్నపు పదార్థాలూ ఉంటాయి. ఊరికే దొరికింది కదా అని ఒంటికి వాడకండి.

సముద్రతీరంలో దొరికే తెల్లటి, తేలికైన, ఆకు ఆకారపు ముక్క సంగతీ ఇలాంటిదే. ఆయుర్వేద దుకాణంలో సముద్రపు నురుగు అని అమ్మేది అదే. ఆ పేరు విని ప్యూమిస్ అనుకునేవాళ్లు ఉన్నారు. అది కటిల్ చేప లోపలి పెంకు. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. ప్యూమిస్ మీద వేస్తే ఏమీ కాదు.

పరిమాణం విషయానికి వస్తే, అరచేతిలో ఇమిడి వేళ్లు చుట్టూ వచ్చేంత ఉంటే చాలు. పాదాలకు సన్న రంధ్రాలది, గిన్నెలకు పెద్ద రంధ్రాలది తీసుకోండి.

కొత్త రాయిని పనికి సిద్ధం చేయడం

తెచ్చిన వెంటనే వాడకండి. కుళాయి కింద పాత పళ్లతోముకునే బ్రష్షుతో అన్ని వైపులా తోమి, రంధ్రాల్లోని పొడి పోగొట్టండి. పాత గిన్నెలో చన్నీళ్లు పోసి రాయి వేసి, అప్పుడు పొయ్యి మీద పెట్టి, మరిగాక 5 నిమిషాలు ఉంచండి. మరుగుతున్న నీళ్లలో చల్లటి రాయి పడేస్తే చిట్లవచ్చు. చల్లారాక పదునైన మూలలు కనబడితే, తడిగా ఉండగానే గరుకు సిమెంటు గచ్చు మీద నాలుగు సార్లు రాసి గుండ్రం చేయండి.

పనికో రాయి ఉండాలి. మా ఇంట్లో మూడున్నాయి. గోళ్లరంగుతో చుక్కలు పెట్టాను. ఒక చుక్క నా పాదాలది, రెండు చుక్కలు వంటింటిది, మూడు చుక్కలు మరుగుదొడ్డిది. చుక్కలు పెట్టక ముందు ఏ రాయి ఎక్కడ తిరిగిందో తలుచుకోకపోవడమే మంచిది. పాదాల రాయి ఇంట్లో మనిషికొకటి ఉండాలి. శిలీంధ్రాలు, పులిపిరులు రాయి ద్వారా ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటాయి.

మడమలు, పాదాలు

మన ఊరి గాలిలో ఎప్పుడూ తేమే కదా, అయినా మడమలు ఎందుకు పగులుతాయని చాలామంది అడుగుతారు. గాలి ఒక్కటే కారణం కాదు. వెనక పట్టీ లేని చెప్పులో మడమ కొవ్వు పక్కలకు విస్తరిస్తుంది, అంచు చర్మం సాగుతుంది. గచ్చు మీద ఉత్తకాళ్లతో గంటలకొద్దీ నిలబడితే ఆ అంచు మందమవుతుంది. మందమై ఎండిన చర్మం సాగలేక పగులుతుంది. రాయి ఆ మందాన్ని తగ్గిస్తుంది. సాగే గుణాన్ని తిరిగి ఇచ్చేది ఆ తరువాత రాసే నూనె లేదా క్రీము. రెండోది మానేసి మొదటిదే చేస్తే, చర్మం మరింత మందంగా తిరిగి వస్తుంది.

రాత్రి పడుకునే ముందు పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లు చిన్న టబ్బులో చీలమండలు మునిగేంత పోసి, వేడి మోచేతితో చూడండి. కొద్దిగా సబ్బు నీళ్లు కలిపితే చాలు. గుప్పెళ్లకొద్దీ ఉప్పు, నిమ్మకాయలు, సోడా కలపమనే చిట్కాలు నాకు నచ్చవు, పగుళ్లలో మండడం తప్ప వాటి వల్ల ఒరిగేది తక్కువ. 10 నుంచి 15 నిమిషాలు నానితే చర్మం పైపొర తెల్లబడి, గోటితో గీస్తే మెత్తగా తగులుతుంది. అంతకు మించి నానబెడితే మంచి చర్మమూ ఉబ్బి, ఏది పోవాలో ఏది ఉండాలో తెలియకుండా పోతుంది. రాయిని కూడా ఆ నీళ్లలోనే వేసి ఉంచండి.

కాలు మోకాలి మీద పెట్టుకుని కూర్చోండి. నిలబడి, వంగి చేసే పని కాదు. నానిన రాయిని అరచేతిలో పట్టుకుని మడమ అంచు మీద చిన్న చిన్న వలయాలుగా, లేదా ఒకే దిశలో పక్కకు జరపండి. పిల్లల ముఖం తుడిచేంత ఒత్తిడి చాలు. పగులు మీద పగులుకు అడ్డంగా లాగవద్దు, అంచులు తెరుచుకుంటాయి. పగులు పొడవునా వెళ్లండి. పది పన్నెండు సార్లు రుద్దాక ఆగి, కాలు నీళ్లలో ముంచి, వేలితో తడిమి చూడండి. మట్టిలాంటి తెల్లటి పదార్థం రాయి రంధ్రాల్లో పేరుకుంటుంది, దాన్నీ కడగండి. పేరుకున్న రాయి రుద్దదు, జారుతుంది, జారుతోందని మనం నొక్కుతాం, అక్కడే గాయమవుతుంది.

ఒక్కో మడమకు రెండు మూడు నిమిషాలు. చర్మం గులాబీ రంగు తేలినా, కాస్త వెచ్చగా లేదా చురుక్కుమన్నట్టు అనిపించినా ఆపేయండి. ఒక్క రోజులో అద్దంలా చేయాలనుకోకండి. ఏళ్ల తరబడి పేరుకున్న మందం మూడు నాలుగు వారాల్లో, వారానికి రెండు మూడు సార్లు చేస్తే దిగుతుంది. రోజూ చేయకండి.

బొటనవేలి పక్కన, ముందరి అరికాలు మీద కాయలు కాచిన చోట కూడా ఇదే పద్ధతి. ఆనెకాయ వేరు. దాని మధ్యలో గట్టి మొన లోపలికి దిగి ఉంటుంది. పైపైన రాపిడి చేస్తే నొప్పి తగ్గుతుంది కానీ, మొన పీకాలని రాయితో తవ్వవద్దు, బ్లేడు అసలే వద్దు. చెప్పు ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి చెప్పు మార్చండి. అది చేయకపోతే ఎన్నిసార్లు రుద్దినా ఆనె మళ్లీ వస్తుంది.

తరువాత మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి తువాలుతో అద్ది, వేళ్ల సందులు ప్రత్యేకంగా ఆరబెట్టండి. మన తేమకు ఈ సందుల్లోనే తెల్లగా పాచి పడుతుంది. చర్మంలో ఇంకా చెమ్మ ఉండగానే, అయిదు నిమిషాల లోపే మడమలకు పూత వేయండి. వాసెలీన్ నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. కొబ్బరి నూనె, నువ్వుల నూనె కూడా ఫరవాలేదు. బాగా మందమైతే మందుల దుకాణంలో యూరియా ఉన్న క్రీము అడగండి. 10 శాతం మామూలు పొడిబారినతనానికి, 25 శాతం గట్టిపడిన మడమలకు. పగులు తెరుచుకుని ఉంటే యూరియా మండుతుంది, మానేదాకా వాసెలీన్‌తో సరిపెట్టండి. వేళ్ల మధ్య ఏదీ రాయవద్దు. ఆపై నూలు మేజోళ్లు వేసుకుని పడుకోండి. ఉక్కగా ఉందని మేజోళ్లు మానేసేవాళ్లు నున్నటి టైల్స్ మీద జాగ్రత్తగా నడవాలి. నూనె పాదాలతో రాత్రి నీళ్ల కోసం లేచి జారిపడినవాళ్లు మా వీధిలోనే ఇద్దరు ఉన్నారు.

వానాకాలంలోనూ, చేపలరేవులోలా రోజంతా కాళ్లు నీళ్లలో ఉండే పనుల్లోనూ పాదాలు ఉబ్బి తెల్లగా ముడతలు పడతాయి. ఆ స్థితిలో రాయి ముట్టవద్దు. ముందు ఆరనివ్వండి. మర్నాడు ఎక్కడ గట్టిగా ఉందో అప్పుడే తెలుస్తుంది.

గిరి ప్రదక్షిణకు వెళ్లేవాళ్లు వారం ముందు నుంచీ రాయి పక్కన పెట్టండి. కాస్త మందం ఉంటేనే ఆ దూరం నడవగలం. తిరిగి వచ్చాక తారు మరకలు కొబ్బరి నూనె రాసి, పాత గుడ్డతో తుడిస్తే పోతాయి. బొబ్బలు మాని, కొత్త చర్మం గట్టిపడ్డాకే రాయి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా వినలేదు.

ఎవరు వాడకూడదు

మధుమేహం ఉన్నవాళ్లు, పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తగ్గడం, రక్తప్రసరణ లోపం ఉన్నవాళ్లు ఇంట్లో ఈ రాయి వాడకండి. చిన్న గీత పడినా తెలియదు, తెలిసేసరికి పుండు అవుతుంది. మా ఇంట్లో మామగారి కోసం మేము కొన్న రాయి అందుకే నా రాయిగా మారింది. ఆయనకు క్రీము, రోజూ అద్దంలో అరికాలు చూసుకోవడం, మూడు నెలలకోసారి వైద్యుల పరీక్ష, ఇంతే.

రక్తం కనబడేంత లోతైన పగులు, చీము, ఎరుపు, వాపు ఉన్నా వద్దు. పులిపిరి కాయ మీద రుద్దితే చుట్టుపక్కలకు పాకుతుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లకు రాపిడి జరిగిన చోటే కొత్త మచ్చలు లేవవచ్చు. ముఖానికి ఎవరూ వాడవద్దు. ఆ మాట రాయవలసి రావడమే విచిత్రం, కానీ మొటిమల మచ్చల మీద ప్రయత్నించి చూపించిన అమ్మాయిని నేను కళ్లారా చూశాను.

మోచేతులు, మోకాళ్లు, చేతులు

మోచేతి నలుపు ఎక్కువగా రాపిడి వల్ల వచ్చేదే. మళ్లీ రాపిడితోనే దాన్ని పోగొట్టాలనుకుంటే ముదురుతుంది. స్నానం చివర, సబ్బు నురుగుతో, వారానికి ఒక్కసారి, పది సార్లకు మించకుండా తిప్పండి. దీనికి మా అమ్మమ్మ బీరపీచే వాడేది, నాకూ అదే మేలనిపిస్తుంది.

చేతికి గ్రీజు, పెయింటు అంటుకున్నవాళ్లకు రాయి కంటే దాని పొడి మేలు. అమెరికాలో లావా అనే సబ్బు 1893 నుంచి ఈ పొడి కలిపే తయారవుతోంది. మన మెకానిక్ షెడ్లలో కిరోసిన్, బట్టల పొడి కలిపి చేతులు పగలగొట్టుకుంటారు. కొబ్బరి నూనెతో ముందు జిడ్డు కరిగించి, సబ్బు నురుగులో చిటికెడు సన్నని ప్యూమిస్ పొడి కలిపి రుద్దితే చాలు. దంతవైద్యులు పళ్ల మీది మరకలకు వాడే ముద్దలోనూ ఇదే పొడి ఉంటుంది. దాన్ని చూసి ఇంట్లో పళ్లు తోమకండి. వాళ్లు వాడే సన్నదనం వేరు, ఆ చేయి వేరు.

మరుగుదొడ్డి, వాష్ బేసిన్

బోరు నీళ్లు వాడే ఇళ్లలో కమోడ్ లోపల నీటి మట్టం దగ్గర తెల్లగానో, ఇనుము ఉంటే గోధుమరంగులోనో వలయం కడుతుంది. దీనికి రాయి మొదటి మందు కాదు, చివరిది. తెల్లటి చార సున్నపు పదార్థం, పులుపుకు కరుగుతుంది. కమోడ్ నీళ్లు మగ్గుతో తోడేసి, చార మీద వెనిగర్‌లో తడిపిన కాగితపు తువాళ్లు అంటించి, రాత్రంతా వదలండి. పొద్దున్న బ్రష్షుకే చాలావరకు వచ్చేస్తుంది.

మిగిలిన మొండి గీతకే మూడు చుక్కల రాయి. చేతికి రబ్బరు తొడుగు, రాయీ తడిగా, పింగాణీ తడిగా. ముందుగా కంటికి కనబడని చోట రుద్ది, ఆరాక గీతలు పడ్డాయేమో చూడండి. పింగాణీ పూత సాధారణంగా ఈ రాయి కంటే గట్టిది, కానీ పాతబడి పూత అరిగిన వాటికి ఆ హామీ లేదు. గీతలు పడితే మురికి మరింత తొందరగా పడుతుంది. వెనిగర్ గానీ యాసిడ్ గానీ పోసిన చోట బ్లీచింగ్ పొడి మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

పాలరాయి, ప్లాస్టిక్, ఫైబర్ తొట్లు, మెరిసే స్టీలు కుళాయిలు, అద్దాలు, వీటి జోలికి రాయి పోకూడదు. పాలరాయి కాఠిన్యం 3 దగ్గర, గీత పడిందంటే పడినట్టే.

వంటింట్లో

తుప్పు పట్టిన ఇనుప అట్లపెనానికి, మాడి నల్లబడిన ఇనుప మూకుడికి ఇది చక్కగా పనిచేస్తుంది. పెనం కాస్త వెచ్చగా ఉండగా నీళ్లు చల్లి, రెండు చుక్కల రాయితో వలయాలుగా తోమండి. ఎర్రటి బురద వస్తుంది, కడిగి మళ్లీ తోమండి. లోహం బూడిదరంగు తేలాక ఆపి, కడిగి, వెంటనే పొయ్యి మీద తడి పోయేదాకా వేడి చేసి, నువ్వుల నూనె పలచగా రాసి పొగ వచ్చేదాకా కాల్చండి. మూడు నాలుగు సార్లు అలా చేయనిదే అట్టు లేవదు. సముద్రపు గాలికి తడి పెనం ఒక్క రాత్రిలో మళ్లీ ఎర్రబడుతుందని గుర్తుంచుకోండి.

నాన్‌స్టిక్, ఎనామిల్, అల్యూమినియం, ఇండాలియం గిన్నెలకు వద్దు. ఇత్తడికి చింతపండే మేలు.

ఉన్ని బట్టలు

లంబసింగి, అరకు వెళ్లినప్పుడు తప్ప విశాఖలో స్వెట్టరు బయటకు రాదు. ఏడాదికోసారి తీసినా దాని మీద ఉండలు కట్టి ఉంటాయి. రాయిని తడపకుండా వాడే ఒకే ఒక్క పని ఇది. బట్టను బల్ల మీద పరిచి, శుభ్రమైన కొత్త ముక్కతో ఒకే దిశలో ఈకతో నిమిరినట్టు లాగండి. వెలిసినట్టుండే జీన్సు ప్యాంట్లు మొదట్లో ఈ రాళ్లతో కలిపి యంత్రాల్లో తిప్పి చేసినవే. తరువాత చాలా చోట్ల ఆ పని ఎంజైములకు అప్పగించారు.

కుండీల్లో

మేడ మీద మొక్కలు పెంచేవాళ్లకు ఈ రాయి ఇంకో దారి చూపిస్తుంది. రంధ్రాల్లో నీళ్లు పట్టి ఉంచుతుంది, ముక్కల మధ్య గాలి ఆడుతుంది, కుళ్లదు, ముద్ద కట్టదు. పైగా తేలిక. రోమ్‌లో పాంథియన్ గుమ్మటం పైభాగం బరువు తగ్గించడానికి కాంక్రీటులో ప్యూమిస్ కలిపారు. మన మేడలు అంత పెద్దవి కాకపోయినా తడిసిన మట్టి కుండీలు యాభై పెడితే బరువు బరువే.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు తరచూ బంకమట్టి ముద్దతో వస్తాయి. అడీనియం, కలబంద, బ్రహ్మజెముడు వంటివి మన వానాకాలంలో ఆ ముద్దలో కుళ్లిపోతాయి. 3 నుంచి 6 మిల్లీమీటర్ల ముక్కలు జల్లెడ పట్టి, పొడి కడిగేసి, మూడింట ఒక వంతు రాళ్లు, ఒక వంతు కొబ్బరి పొట్టు, ఒక వంతు మాగిన ఎరువు కలపండి. ఎడారి మొక్కలకైతే రాళ్లు సగానికి పెంచండి. కుండీ అడుగున రాళ్ల పొర వేసి పైన మట్టి నింపే అలవాటు మానేయండి. నీరు సన్న మట్టి నుంచి పెద్ద రాళ్లలోకి తేలిగ్గా దిగదు, పొర పైనే నిలిచి వేళ్లను ముంచుతుంది. రాయి మట్టి అంతటా కలిసి ఉండాలి. పెద్ద మొత్తంలో కొనడం ఖరీదనిపిస్తే, నలగ్గొట్టిన ఇటుక ముక్కలతో సగం పని నడుస్తుంది, బరువు మాత్రం తగ్గదు.

రాయి పగలగొట్టేటప్పుడు తడి గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఎగిరేది గాజు పొడి.

రాయిని చూసుకోవడం

విశాఖలో రాయి పాడయ్యేది అరిగి కాదు, ఆరక. స్నానాల గదిలో సబ్బు పెట్టె మీద వదిలేస్తే ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, రంధ్రాల్లో చర్మపు పొడి, సబ్బు ఉంటాయి, ఇక బూజుకు కావలసిందేముంది? వాడిన ప్రతిసారీ బ్రష్షుతో తోమి, దారం కట్టి కిటికీకి వేలాడదీయండి. ఎండ తగిలే బాల్కనీ అయితే ఇంకా మంచిది. రెండు వారాలకోసారి ముందు చెప్పినట్టు 5 నిమిషాలు మరిగించండి. వాసన పోకపోతే, నల్లచుక్కలు కనబడితే ఇక బాగుచేయాలని చూడకండి.

ముఖం నున్నబడి జారుతుంటే గచ్చు మీద తడిగా రాస్తే కొత్త గరుకు వస్తుంది. బిస్కెట్టంత పలచబడితే చేతిలో విరిగి గీరుకుంటుంది, అప్పుడు మార్చండి. మరుగుదొడ్డి రాయిని చెత్తలో వేయండి. పాదాల రాయి, పెనం రాయి మిగిలిన ముక్కలను మాత్రం మరిగించి, ఎండబెట్టి, పగలగొట్టి కుండీలో కలిపేయవచ్చు. నా కుడి మడమ చర్మం తీసిన ఆ రాయి ఇప్పుడు మేడ మీద అడీనియం వేళ్ల కింద ఉంది. ఈ ఏడాది మొక్క రెండుసార్లు పూసింది.